తొమ్మిదో వరసకు తావు

నమోదు 212. పెద్దపోటుకు ఇరవై తొమ్మిది రోజులు.

ఇంటింటి గోడ పలక మీద తెరుచుకునే మెరకపట్నం నగరసభ పేజీలో ఒక్క అక్షరం మారినా, ఎందుకు మారిందో ఈ చిట్టాలో రాయాలని నియమం. రాసేది నేను, బొడ్డేపల్లి స్వరాజ్యం, పేజీ నిర్వాహకురాలిని. పదకొండేళ్లుగా ఇదే పని.

ఈరోజు మార్పులు. అవతలి రేవుకు పోయే పడవల వేళలు సవరించాను. మెరక మీది రెండో మెట్టు వీధులకు మంచినీళ్లు సాయంత్రం బదులు మధ్యాహ్నం వస్తాయని పెట్టాను. వేట నిషేధం ప్రకటనలో పోయిన దీర్ఘం ఒకటి తిరిగి తెచ్చాను.

తర్వాత పోటు జాబితా తెరిచాను. ఏటా ఒకసారి సముద్రం పన్నెండు అడుగులు లేస్తుంది. ఆ పెద్దపోటు రోజున తెప్పల మీద కట్టుకున్న ఇళ్లు బయట ఉండకూడదు. లాకు తలుపులు తెరిచి, వాటిని లోమడుగులోకి లాగి, ఒక్కో ఇంటిని ఒక్కో గుంజకు కట్టాలి. ఆ చోటునే తావు అంటాం. లాగే పడవల్లో మనుషులు ఉండడం మానేసి ఇరవై ఏళ్లయింది. జాబితాలో పేరున్న ఇంటికి అవే వెళతాయి. పేరు లేని ఇంటికి వెళ్లవు. పేరు ఎక్కాలంటే ఇంటివాళ్లు గోడకున్న పలకలో మా పేజీ తెరిచి తావు అడగాలి.

తెప్ప ఇళ్లు 1,640. ఇప్పటికి అడిగినవి 1,322. తొమ్మిదో వరసలో 190 ఇళ్లున్నాయి. వాటిలో అడిగినవి సున్నా.

జాబితా మూసి మళ్లీ తెరిచాను. సున్నాయే.

"ఇంకా నెల ఉంది కదా స్వరాజ్యం," అన్నారు కమిషనర్ అరుంధతి గారు. "కొత్త వరస. చాలామంది మెట్ల మీదున్న చుట్టాల ఇళ్లకు పోతారేమో."

"మనుషులు పోతారు మేడం. ఇళ్లు నెత్తిన పెట్టుకుని పోరు కదా."

ఆవిడ నవ్వారు. "ఒక వారం చూడండి," అన్నారు.

నమోదు 214. పోటుకు ఇరవై ఏడు రోజులు.

వారం ఆగలేకపోయాను. తొమ్మిదో వరస పలకల్లో మా పేజీ ఎన్నిసార్లు తెరిచారో లెక్క తీశాను. ఈ నెలలో 611 సార్లు. తెరిచిన ప్రతిసారీ సగటున ముప్పై ఎనిమిది నిమిషాలు ఉన్నారు. మిగతా వరసల్లో తొమ్మిది నిమిషాలే.

నిరుటి వార్షిక నివేదికలో నేనే రాశాను: "పౌరులు మన పేజీపై ఎక్కువ సమయం గడపడం హర్షణీయం." ఆ వాక్యం ఈరోజు మళ్లీ చదివాను. ఏ పనీ లేకుండా నగరసభ పేజీని ఎవరైనా ముప్పై ఎనిమిది నిమిషాలు చూస్తూ కూర్చుంటారా?

వెతుకు పెట్టెలో వాళ్లు రాసినవి కూడా చూశాను. "ఇల్లు లాగాల." "లోపలికి ఎప్పుడు." "పడవ ఎప్పుడు వస్తాది." "తావు కావాల." నాలుగింటికీ పేజీ ఇచ్చిన జవాబు ఒకటే: ఫలితాలు లేవు.

ఎందుకంటే మా పేజీలో దాని పేరు "ఋతుసంబంధ తేలియాడు నివాసాల తాత్కాలిక పునఃస్థాపన అభ్యర్థన". ఆ పేరు పెట్టిన రోజు నాకు గుర్తుంది. ఋతుసంబంధ అన్నది ఒడ్డు విభాగం మాట. తేలియాడు నివాసాలు నివాస విభాగానివి. తాత్కాలిక పునఃస్థాపన లాకుల విభాగం ఇచ్చింది. అభ్యర్థన నాది.

ఈ పదకొండేళ్లలో ఒక మనిషి పక్కన కూర్చుని, ఆ మనిషి మా పేజీని ఎలా వాడుకుంటున్నాడో నేను ఎన్నడూ చూడలేదు. పడవ కావాలని అర్జీ పెట్టాను.

నమోదు 217. పోటుకు ఇరవై నాలుగు రోజులు.

పొద్దున్నే తొమ్మిదో వరసకు వెళ్లాను. చలికాలం గాలివానకు చెల్లాచెదురైన ఇళ్లన్నీ తెచ్చి ఒక తాడుకు కట్టిన వరస అది. ఇరుగుపొరుగు ఒకరికొకరు ఇంకా కొత్త. మొదటి ఇంటి అంచున ఒకావిడ రొయ్యలు ఎండబెడుతోంది. అరవై దాటి ఉంటాయి. పేరు మైలపిల్లి నూకాలు.

"ఎవులు కావాలమ్మా?" అంది.

నగరసభ నుంచి వచ్చానని, పోటుకు తావు అడిగారా అని వాకబు చేస్తున్నానని చెప్పాను.

"అయ్యో, నానెప్పుడో పెట్టీసినాను. మా వరసలో అందరం పెట్టీసినాం."

"జాబితాలో మీ పేరు లేదమ్మా."

"నేకపోడమేటి? పలకే సెప్పినాది గదా!"

లోపలికి తీసుకెళ్లి పలక చూపించింది. మళ్లీ మొదటినుంచి చెయ్యమని, నేను పక్కన ఊరికే కూర్చుంటానని అన్నాను. ముందు కమిషనర్ గారి ఫొటో, పలకరింపు. దాని కింద పదహారు విభాగాల పేర్లు. తావు సంగతి ఏ విభాగంలో ఉందో తెలియక నూకాలు ఒక్కోటీ తెరిచి మూసింది. నీళ్లలో చూసింది, రేవుల్లో చూసింది, పండగల్లో కూడా చూసింది. నా చెయ్యి రెండుసార్లు పలక దాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. పావుగంటకు ఒడ్డు విభాగం దొరికింది. పేరు, ఇంటి సంఖ్య, వరస. ఒక్కో అక్షరం వేలితో పొడుచుకుంటూ రాసింది. చివర నొక్కింది.

పలక మీద పెద్ద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: "మీ వివరాలు స్వీకరించబడ్డాయి."

"సూసినావా?" అని పలక మూసేసింది.

నేను మళ్లీ తెరిపించి, కిందికి, ఇంకా కిందికి జరిపించాను. అక్కడ సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఉంది: ధ్రువీకరణ నిమిత్తం నివాస విభాగపు పేజీని సందర్శించండి. అక్కడికి వెళ్లి రెండో సగం నింపితేనే పేరు జాబితాకు ఎక్కుతుంది. అప్పటిదాకా ఆ వివరాలు ఒక అరలో పడి ఉంటాయి, అంతే.

పాత వరసల్లో ఈ సంగతి ఒకరి నుంచి ఒకరికి తెలిసిపోయింది. "మా నాలుగో వరసలో పెద్దాయన అందరికీ ఆయనే పెట్టీవోడు," అంది నూకాలు. ఈ వరసకు అలాంటి మనిషి లేడు.

"స్వీకరించబడ్డాయంటే ఏటి మరి? ఒప్పుకున్నారనే గదా?"

ఆ వాక్యం రాసింది నేనే. ఆ మాట మాత్రం అప్పుడు నోట రాలేదు.

నూకాలు ఆ బూడిదరంగు అక్షరాల మీద వేలు పెట్టింది. "అయితే మా అన్న కూడా ఇలగే పెట్టినాడేటి?"

ఆమె అన్న ఎర్రయ్య నిరుడు ఆరో వరసలో ఉండేవాడు. మెట్ల మీద నుంచి దిగి, తెప్ప కట్టుకున్న మొదటి ఏడు. పోటు రోజున ఆయన ఇంటికి పడవ రాలేదు. మూడో రోజుకు శవం దొరికింది.

"తావు అడగనేదని రాసినారు మీవోలు. తాగి తొంగుంతాడు, ఆడికేటి గేపకం అని ఊరంతా అనీసినారు. పెట్టీసినానే సెల్లీ అని నాతో సెప్పినాడమ్మా. నానెవులికి సెప్పినా నమ్మనేదు."

నమోదు 218. పోటుకు ఇరవై మూడు రోజులు.

ఆ అర తెరిచాను. సగంలో ఆగిపోయిన దరఖాస్తులు 251. తొమ్మిదో వరసవి 187. మిగతా వరసల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా 64. వీళ్లంతా తావు దొరికిందనుకుని నిశ్చింతగా ఉన్నారు.

తర్వాత నిరుటి అర తెరిచాను. వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు. మైలపిల్లి ఎర్రయ్య, ఆరో వరస, 77వ ఇల్లు. పోటుకు పంతొమ్మిది రోజుల ముందు, పొద్దున్న ఏడూ పదికి పెట్టాడు.

ఆ 251 ఇళ్ల జాబితా ఒక కాగితం మీద, ఎర్రయ్య దరఖాస్తు ఇంకో కాగితం మీద తీశాను.

రెండు కాగితాలూ తీసుకుని అరుంధతి గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదటిది చదివి వెంటనే లాకుల అధికారి దాలినాయుడు గారిని పిలిపించారు.

"ఈ 251 మందినీ నేరుగా జాబితాలోకి ఎక్కించలేమా?" అని అడిగారు.

"కుదరదు మేడం," అన్నారాయన. "రెండో సగంలోనే ఇంటి పొడవు, ఎంతమంది ఉన్నారు, మంచాన పడ్డవాళ్లున్నారా అన్నీ ఉంటాయి. పొడవు తెలీకపోతే పడవ ఏ గుంజకు లాగాలి? ఇంకోటి. గుంజలు పంచడానికి యంత్రానికి పది రోజులు కావాలి. పోటుకు పది రోజుల ముందు, మధ్యాహ్నం పన్నెండుకి జాబితా మూసుకుపోద్ది. ఆపైన నేను చెప్పినా వినదు."

అంటే ఉన్నది పదమూడు రోజులే.

"పేజీ మార్చండి," అన్నారు అరుంధతి గారు. రెండో కాగితం రెండుసార్లు చదివారు. "ఇది తెరిస్తే విచారణ వస్తుంది. మీ పేరు వస్తుంది, తెలుసా?"

"రావాలి మేడం."

"ముందు పోటు దాటనివ్వండి. దాటాక విచారణ నేనే అడుగుతాను." కాగితం తన సొరుగులో పెట్టుకున్నారు. ఆవిడ మాట నమ్మాలో లేదో తేల్చుకోలేకుండానే బయటికి వచ్చాను.

నమోదు 222. పోటుకు పంతొమ్మిది రోజులు.

రెండు విభాగాల్లో ఉన్న రెండు సగాలనూ ఒకటి చేశాను. ముప్పై ఒక్క ప్రశ్నల్లో ఆరు మిగిలాయి. నా కంటికి బ్రహ్మాండంగా ఉంది. పట్టుకుని తొమ్మిదో వరసకు వెళ్లి, ఐదుగురి పక్కన కూర్చున్నాను. ముగ్గురు సగంలో ఆగిపోయారు.

ఒకాయన ఇంటి పొడవు దగ్గర ఆగాడు. నేను మీటర్లు అడిగాను. తెప్ప కట్టేవాళ్లు చేతులు రెండూ చాచి బారల్లో కొలుస్తారు. "ఏడు బారలమ్మా. మీ లెక్కలో ఎంతో నాకేటి తెల్సు?" అన్నాడు. ఇంకొకావిడ "కుటుంబ సభ్యుల సంఖ్య" అన్నచోట ఆగి, అత్త వేరే పొయ్యి పెట్టుకుందని, ఆమెను కలపాలా వద్దా అని అడిగింది. నూకాలేమో "స్థిర చిరునామా" చూసి పకపకా నవ్వింది. "నీటి మీద స్థిరమేటి తల్లీ?"

తిరిగి వచ్చి అన్నీ మార్చాను. ఇల్లు ఎన్ని బారలు? పోటు రోజున ఇంట్లో ఎంతమంది ఉంటారు? లేవలేనివాళ్లు ఉన్నారా? స్థిర చిరునామా తీసేశాను. ఇంటి తలుపు మీద రాసి ఉన్న సంఖ్యే చాలు.

నమోదు 224. పోటుకు పదిహేడు రోజులు.

విభాగాల సమావేశంలో కొత్త పేజీ చూపించాను. పేజీ తెరవగానే పైన "మీకు ఏం కావాలి?" అని ఉంటుంది. దాని కింద ఈ నెల జనం ఎక్కువగా అడిగే పనులు, వాళ్ల మాటల్లోనే. అందరికన్నా పైన: "పోటుకు ఇల్లు లోపలికి లాగాలి."

నివాస విభాగాధికారికి ఆ మాట నచ్చలేదు. "లాగాలి ఏమిటండీ? బండి అనుకున్నారా? నగరసభ భాషకు ఒక గౌరవం ఉండాలి." ఒడ్డు విభాగం వాళ్లు తమ పేరు ఎక్కడా కనపడడం లేదన్నారు.

దాలినాయుడు గారు అప్పటిదాకా పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నారు. "నా పడవలు చేసే పని అదేనండి, లాగడం," అన్నారు. "ముప్పై ఏళ్ల బట్టి చూస్తన్నాను. పునఃస్థాపన చెయ్యి నాయనా అని ఒక్కడూ నన్ను అడగలేదు."

అరుంధతి గారు పలకను వేలితో జరుపుతూ అడిగారు. "నా ఫొటో ఎక్కడ?"

"కిందికి వెళ్లింది మేడం."

"ఎంత కిందికి?"

జరిపి చూపించాను. కాస్త సేపు పట్టింది.

"సరే," అన్నారావిడ. "అక్కడే ఉండనివ్వండి. నన్ను పలకరించాలనుకున్నవాళ్లు వెతుక్కుంటారు."

నమోదు 226. పోటుకు పదిహేను రోజులు.

కొత్త పేజీ ఈ పొద్దున తెరుచుకుంది. అన్నిటికంటే ఎక్కువ సేపు కష్టపడింది చివరి తెర మీద. "స్వీకరించబడ్డాయి" తీసేశాను. పని అయితే ఇలా వస్తుంది: "మీ ఇంటికి తావు దొరికింది. పోటు ముందు రోజు పడవ వస్తుంది." ఏదైనా మిగిలితే ఇలా: "ఇంకా కాలేదు. ఇంటి పొడవు చెప్పాలి." ఎరుపులో, పెద్ద అక్షరాల్లో.

పాత అరలో ఉన్న 251 ఇళ్ల పలకలకు ఒక మాట పంపాను: "మీ పని పూర్తయిందని మేం మీకు తప్పు చెప్పాం. ఇంకా కాలేదు. ఇక్కడ నొక్కండి." తప్పు అన్న మాట తీసెయ్యమని రెండు విభాగాలు అడిగాయి. తియ్యలేదు. ఆ మాట లేకపోతే, ఎప్పుడో పెట్టేశాం కదా అని చదవకుండానే మూసేస్తారు.

సాయంత్రానికి 140 మంది పూర్తిచేశారు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు పట్టింది.

నమోదు 229. పోటుకు పన్నెండు రోజులు.

మనుషులున్న ఇళ్లలో ఇంకా ఇరవై రెండు మిగిలాయి. పాత అరలోవి పంతొమ్మిది. తొమ్మిదో వరసలో అసలు పేజీ తెరవనివి మూడు. పేజీని ఎంత బాగుచేసినా చదవనివాళ్లకు అది గోడే. అందుకని దాలినాయుడు గారూ నేనూ పడవ వేసుకుని బయల్దేరాం. పడవ ముందు భాగంలో నూకాలు నిలబడి ఇళ్లు చూపిస్తోంది.

ఒక ఇంట్లో పలక పగిలి ఆరు నెలలైంది. ఒక ఇంట్లో కొత్తగా కాన్పు అయిన అమ్మాయి, పక్కన తల్లి. ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు, పలక వైపు చూసే తీరిక ఎక్కడిది? ఒక ముసలాయన చదవగలడు గాని నగరసభ మాట నమ్మడు.

"మొన్న అయిపోనాదన్నారు. నేడు అవనేదంతన్నారు. రేపేటంతారో?" అన్నాడు.

నూకాలు తెప్ప మీదికి ఎక్కి ఆయన ఎదురుగా కూర్చుంది. "మా అన్నకి అవనేదని సెప్పినోలు నేరు బావా. నీకు సెప్తన్నారు. ఎన్ని బారలో సెప్పు."

ఆయన చెప్పాడు. ఆరున్నర.

నమోదు 231. పోటుకు పది రోజులు.

పన్నెండు గంటలకు జాబితా మూసుకుంది. 1,640 ఇళ్లలో 1,638. మిగిలిన రెండూ ఖాళీ ఇళ్లు. స్వయంగా వెళ్లి తలుపు తోసి చూసి వచ్చాను. వాటిని విప్పి ఒడ్డుకు ఎక్కించారు.

నమోదు 241. పెద్దపోటు.

నిన్న పొద్దుటి నుంచీ పడవలు ఇళ్లను లోపలికి లాగాయి. లాకు గట్టు మీద నిలబడి చూశాను. ఇళ్లు ఒకదాని వెనక ఒకటి, ఆరేసిన బట్టలతో, కోళ్ల గంపలతో, గుమ్మాల్లో కూర్చున్న మనుషులతో మెల్లగా నా ముందు నుంచి సాగిపోయాయి. పసిబిడ్డ ఉన్న ఇంటి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. దాలినాయుడు గారు యంత్రాన్ని నమ్మకుండా వేళ్ల మీద లెక్కపెట్టారు. తొమ్మిదో వరస నూట తొంభై దాటాక, "పూర్తి," అని అక్కడే చతికిలబడ్డారు.

ఈరోజు మధ్యాహ్నం నీళ్లు లేచాయి. బయట తలుపు మీదికి పన్నెండు అడుగులు వచ్చి, రెండు గంటలు నిలబడి, తీశాయి. ఎవరికీ ఏమీ కాలేదు. పేజీలో మార్పులు: లేవు.

నమోదు 245. పోటు దాటి నాలుగో రోజు.

అరుంధతి గారు పిలిచారు. సొరుగులోంచి ఎర్రయ్య కాగితం తనే తీశారు. ఆయన చావు గురించి నగరసభ రాసుకున్న పాత నమోదు ఇలా ఉంది: "అభ్యర్థన చేయలేదు. స్వీయ నిర్లక్ష్యం." దాన్ని కొట్టేసి ఏం రాయాలో చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ తన చేత్తో రాశారు: "ఎర్రయ్య పోటుకు పంతొమ్మిది రోజుల ముందు తావు అడిగాడు. పేజీ ఆయనకు పని అయిందని తప్పు చెప్పింది. తప్పు నగరసభది." సంతకం చేసి, ఒక్క క్షణం ఆగి, కింద ఇంకో వాక్యం కలిపారు: "ఆయన చెల్లెలిని క్షమాపణ అడుగుతున్నాం."

"విచారణ రేపు మొదలవుతుంది," అన్నారు. "అది తేలేదాకా పేజీ వేరొకరి చేతికి వెళుతుంది. ఈ చిట్టా కూడా."

"తెలుసు మేడం."

కాగితం తీసుకుని తొమ్మిదో వరసకు వెళ్లాను. ఇళ్లన్నీ మళ్లీ తమ తాడుకు చేరాయి. నూకాలు గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. మొదట నేను చెప్పవలసింది చెప్పాను. "ఆ ఆకుపచ్చ అక్షరాలు రాసింది నేనేనమ్మా."

ఆమె వల పక్కన పెట్టింది. తిట్టలేదు, ఊరడించనూ లేదు. "కాయితం సదువు," అంది.

చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి మధ్యలో ఆపి, "ఎన్ని గంటలకి పెట్టినాడు?" అని అడిగింది.

"పొద్దున్న ఏడూ పదికి."

"అవును," అంది. "అది పెట్టీసే మా ఇంటికొచ్చి టీ తాగినాడు." పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత లేచి, చేయి పట్టుకుని నన్ను పక్కింటి తెప్ప మీదికి దాటించింది. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు.

"ఈ అమ్మ నగరసభ మనిషి," అని చెప్పింది వాళ్లతో. నా వైపు తిరిగింది. "నాకు సదివినట్టే ఈలకీ సదువు."

చదివాను. అక్కడి నుంచి ఆ పక్కింటికి. ఆ తర్వాత ఇంకో ఇంటికి. ఒక ఇంట్లో ఒకాయన తలదించుకుని, "తాగి తొంగున్నాడని నానూ అన్నాను నూకాలూ," అన్నాడు. ఆమె ఆయన ముందు నాచేత ఇంకోసారి చదివించింది.

పొద్దుగూకే వేళకు నలభై ఒక్క ఇళ్లయ్యాయి. నా గొంతు బొంగురుపోయింది. ఇంకా నూటనలభై తొమ్మిది మిగిలాయి.

"రేపొస్తావా?" అంది నూకాలు.

పొద్దున్నే వస్తానని చెప్పాను. రేపటి నుంచి నాకు వేరే పని లేదు.